నవంబరు నెల, సిరా ప్యాడు, మా వీధి అరుగు

మొన్న అమ్మ లైఫ్ సర్టిఫికెట్ (పెన్షన్ ఆగకుండా, బతికే ఉన్నామని ఏటా ఇచ్చే కాయితం) పని మీద బ్యాంకుకి తీసుకెళ్ళా. నిజానికి ఇప్పుడు వెళ్ళక్కర్లేదు, ఫోన్‌లో మొహం చూపించి కళ్ళార్పితే చాలు, కానీ అమ్మ ఆర్పినప్పుడు ఫోను చూడదు, ఫోను చూసినప్పుడు అమ్మ ఆర్పదు, ఇద్దరికీ కుదరక చివరికి విసుగొచ్చి ఆటో ఎక్కాం. కౌంటర్ దగ్గర మా ముందు ఒక పెద్దాయన, పంచె, తెల్ల చొక్కా, ఏదో కాయితం మీద వేలిముద్ర వెయ్యాలి. కౌంటర్లో అమ్మాయి సొరుగులోంచి ఒక రేకు డబ్బా తీసి మూత తెరిచింది. ఊదారంగు సిరా ప్యాడు. ఆ వాసన ముక్కుకి తగిలింది, అంతే, ఇంక నేను బ్యాంకులో లేను.

ఆ వాసన మా ఇంటి వీధి అరుగుది. అందులోనూ నవంబరు నెలది. చిన్నప్పుడు దసరా సెలవులు, దీపావళి అయిపోయాక మిగతా పిల్లలకి సంక్రాంతి దాకా ఏమీ ఉండేది కాదు, మాకు మాత్రం నవంబరు అంటే ఈ లైఫ్ సర్టిఫికెట్ల పెద్ద హడావుడి. మా అరుగు మీద చాప, చాప మీద పీట, పీట మీద సిరా ప్యాడు, పక్కన తడిగుడ్డ, ఒక గిన్నెలో కొంచెం కిరసనాయిలు, వేలికంటిన సిరా పోవడానికి. చుట్టూ ముసలమ్మలు.

మాది పశ్చిమ గోదావరి, తాడేపల్లిగూడెం దగ్గర ఒక చిన్న ఊరు. నాన్న 1962 చైనా యుద్ధం అయ్యాక మిలిటరీలో చేరిన కుర్రాళ్ళ గుంపులో ఒకడు. అప్పట్లో మా వైపు నించి చాలామంది వెళ్ళారట, ఇంట్లో చెప్పి కొందరు, చెప్పకుండా కొందరు, నాన్న రెండో రకం. మద్రాస్ రెజిమెంట్, నీలగిరి కొండల్లో వెల్లింగ్టన్‌లో ట్రైనింగు. 65 చూశాడు, 71 చూశాడు, హవల్దారుగా రిటైరై ఇంటికొచ్చాడు. వచ్చేటప్పటికి ఆయన భాష ఒక కలగాపులగం, అన్నం దగ్గర హిందీ, కోపమొస్తే తమిళం, లెక్కలు మాత్రం తెలుగులో. పొద్దున్నే మమ్మల్ని లేపడానికి వాళ్ళ రెజిమెంటు కేక "వీర మద్రాసి, అడి కొల్లు, అడి కొల్లు" అని ఒక్క అరుపు అరిచేవాడు, పక్కింటి మామ్మ లోపల్నించే "ఒరే నాయనా, యుద్ధం అయిపోయిందిరా, పడుకోనివ్వరా" అని తిట్టేది.

ఆయనతో పాటు వచ్చిన సామాను ఒక నల్ల ట్రంకు పెట్టె, దాని మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు, ఇంకా ఒక హోల్డాలు, ఒక అగ్గిపెట్టంత ట్రాన్సిస్టరు (అగ్గిపెట్టంత అంటే నాన్న చెప్పడం, నిజానికి ఇటుకంత ఉండేది). ఆ పెట్టె అడుగున గుడ్డలో చుట్టి డిశ్చార్జి బుక్కు (మిలిటరీ నించి రిటైరైనప్పుడు ఇచ్చే సర్వీసు పుస్తకం). దానికి మా ఇంట్లో రామాయణానికున్న మర్యాద ఉండేది, కాళ్ళు తగిలితే కళ్ళకద్దుకోవాలి.

ఆ అరుగు మీద నడిచిన మాజీ సైనికుల సంఘం సంగతి చెప్తాను. సంఘం అంటే పెద్దగా ఊహించుకోకండి. బోర్డు లేదు, బిల్డింగు లేదు, రిజిస్ట్రేషన్ ఎప్పటికో అయింది. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళ మాజీ సైనికుల ఇళ్ళవాళ్ళు ఆదివారం టిఫిన్లయ్యాక మా అరుగు మీద చేరేవాళ్ళు, అదే సంఘం. వాళ్ళ అసలు పేర్లు నాకు పెద్దయ్యేదాకా తెలీదు. సుబేదారు తాతయ్య, నాయక్ బాబాయి, డ్రైవరు మావయ్య (ఆర్మీ ట్రక్కు డ్రైవరు), వంట పెదనాన్న (లంగరులో, అంటే మిలిటరీ వంటశాలలో, వండినాయన, లక్ష్మణుడంత కోపిష్టి). వాళ్ళ పెళ్ళాలు కూడా అవే పేర్లతో, సుబేదారమ్మగారు, నాయక్ పిన్ని.

సుబేదారు తాతయ్య పెట్టిన రూలు ఒకటుండేది, ఇప్పుడు ఆలోచిస్తే ఆ రూలే ఆ సంఘాన్ని నిలబెట్టింది అనిపిస్తుంది. చందా మనిషికి కాదు, ఇంటికి. సభ్యత్వం కూడా ఇంటికే. మొగుడు పోతే పుస్తకంలో పేరు కొట్టెయ్యరు, దాని కిందే పెళ్ళాం పేరు రాస్తారు, ఆమె కూడా లేకపోతే పెద్ద పిల్లో పిల్లాడో. మిగతా చోట్ల మాజీ సైనికుల సంఘం అంటే మీసాలు, బెరెట్ టోపీలు, మైకులో ఉపన్యాసాలు. మా అరుగు మీద మాత్రం సగం మంది ఆడవాళ్ళు, చంకలో పిల్లలు, ఒడిలో చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ కూర్చునేవాళ్ళు. మొదట్లో కొంతమంది మగాళ్ళకి అది నచ్చలేదు, ఇదేమన్నా పేరంటమా అన్నారట. తాతయ్య "నువ్వు పోయాక నీ పెన్షన్ కాయితాలు ఎవరు తిప్పుతారయ్యా, నువ్వొచ్చి తిప్పుతావా?" అన్నాడట. ఇంకెవరూ మాట్లాడలా.

పేరుకి సెక్రటరీ నాన్న. పని చేసింది అమ్మ.

అమ్మ టెన్త్ దాకా చదివింది, ఇంగ్లీషు అక్షరాలు ముత్యాల్లా రాసేది, అర్థం సగం తెలిసినా సరే ఒక పాత ఉత్తరం చూసి దాని పద్ధతిలోనే కొత్తది రాసేసేది. టు, ది ఆఫీసర్ ఇన్‌చార్జ్, రికార్డ్స్, ఆ కింద రెజిమెంటు, ఆ కింద ఊరు. మద్రాస్ రెజిమెంటుదైతే వెల్లింగ్టన్, ఆర్టిలరీ వాళ్ళది ఇంకో చోట, ఏ దళానికి ఆ రికార్డు ఆఫీసు వేరు, అవన్నీ అమ్మకి నోటికొచ్చు. పెన్షన్ కాయితం, అంటే పీపీఓ (పెన్షన్ పేమెంట్ ఆర్డరు), అలహాబాద్ నించి వచ్చేది, మా ఊళ్ళో ముసలమ్మలకి అలహాబాద్ అంటే త్రివేణీ సంగమం కాదు, పెన్షనిచ్చే ఊరు. "అలాబాదు నించి ఏమన్నా వచ్చిందా అమ్మాయ్" అని పోస్టుమాన్ని అడిగినట్టే మా అమ్మని అడిగేవాళ్ళు.

కార్బన్ పేపరు పెట్టి రాయడం, పైది పోస్టుకి, కిందది ఫైలుకి. రిజిస్టర్డ్ పోస్టు రసీదు ఫైల్లో గుండుసూదితో గుచ్చడం నా పని. నేను జీవితంలో రాసిన మొదటి ఇంగ్లీషు ఉత్తరం స్కూల్లో లీవ్ లెటర్ కాదు, నాయక్ పిన్ని వాళ్ళ అత్తగారి ఫ్యామిలీ పెన్షన్ గురించి రిమైండరు. ఐ బెగ్ టు స్టేట్ దట్ అని మొదలు. ఎందుకు బెగ్ చెయ్యాలి అని అడిగితే అమ్మ "అలా రాస్తేనే చదువుతారు" అంది.

అసలు చిక్కంతా పేర్లతోనే వచ్చేది. కుర్రాడు పద్దెనిమిదేళ్ళకి మిలిటరీలో చేరతాడు, మూడేళ్ళకి సెలవు మీదొచ్చి పెళ్ళి చేసుకుని వెళ్ళి అక్కడ గుమాస్తాకి పెళ్ళాం పేరు చెప్తాడు. ఇంట్లో పిలిచే ముద్దుపేరు చెప్తాడు. ఆ గుమాస్తాది ఏ రాష్ట్రమో, తనకి వినిపించినట్టు ఇంగ్లీషులో రాస్తాడు. ఇక్కడ రేషన్ కార్డులో బారసాల నాడు పెట్టిన పేరు, ముందు ఇంటిపేరు, వెనక అమ్మవారి పేరు. ముప్పై ఏళ్ళు గడిచి ఆయన పోయాక ఆమె వెళ్ళి నేనే ఆయన భార్యని అంటే, రికార్డుల్లో ఉన్నది నువ్వు కాదమ్మా అంటారు. అప్పుడు ఇద్దరూ ఒకరే అని అఫిడవిట్టు, సర్పంచి సంతకం, తాసిల్దారు సర్టిఫికెట్టు, ఫొటోలు, మళ్ళీ రిజిస్టర్డ్ పోస్టు. ఒక్కొక్కరికి ఏళ్ళు పట్టేది. కాపరం చేసిన మొగుడికి పెళ్ళామని రుజువు చేసుకోవడం కోసం ఎండలో బస్సెక్కి తాలూకా ఆఫీసుకి వెళ్ళే ఆ ముసలమ్మల మొహాలు నాకింకా గుర్తే. అమ్మ వాళ్ళ వెంట వెళ్ళేది, వెళ్ళేముందు క్యారేజీలో పెరుగన్నం కట్టుకునేది, ఎందుకంటే ఆఫీసులో సార్ భోజనానికి వెళ్ళారంటే ఇంక మనమూ అక్కడే భోంచెయ్యాలి.

అందుకే సెలవు మీదొచ్చిన ప్రతి కుర్రాడికి మా అరుగు మీద ఒక పరీక్ష. కాఫీ ఇచ్చి "పెళ్ళైంది కదా బాబూ, రికార్డుల్లో పార్ట్ టూ ఆర్డరు పడిందా, పేరు ఎలా రాశారో చూసుకున్నావా" అని అమ్మ అడిగేది. పార్ట్ టూ ఆర్డరంటే పెళ్ళి సంగతి మిలిటరీ రికార్డుల్లోకి ఎక్కించే కాయితం. వాళ్ళు సిగ్గుపడి నవ్వేవాళ్ళు. కొంతమంది ఆ ప్రశ్నకి భయపడి మా వీధి తప్పించుకుని పక్క సందులోంచి వెళ్ళేవాళ్ళని నాన్న ఎగతాళి.

డిసెంబరు ఏడు. జెండా దినం. ఇప్పుడు ఆన్‌లైన్లో డబ్బులేస్తున్నారు, అప్పుడు డబ్బాలు. 1949లో ఢిల్లీలో కమిటీ వేసి ఆ రోజుని ఖాయం చేశారని, సైనికుల కుటుంబాల కోసం జనం దగ్గర చందా తీసుకోవడానికే ఆ రోజు పెట్టారని తాతయ్య ప్రతి ఏడూ చెప్పేవాడు, మేం ప్రతి ఏడూ మొదటిసారి వింటున్నట్టు వినాలి. ఏలూరు జిల్లా సైనిక్ ఆఫీసు నించి సీలు వేసిన డబ్బాలు, కాయితం జెండాలు వచ్చేవి. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం, మూడు దళాలకి మూడు రంగులు. చిన్నది చొక్కాకి గుచ్చేది, పెద్దది కారు మీద పెట్టేది. మా ఊళ్ళో కారు ఉన్నది ఒక్క రైసుమిల్లాయనకే కాబట్టి కారు జెండా ఎవరు అమ్మాలి అని పిల్లల్లో పెద్ద తగువు.

ఆ రోజు స్కూలుకి సగం పూట సెలవిచ్చేవాళ్ళు మా బ్యాచీకి. సార్వా కోతల కాలం, పొద్దున మంచు, గట్ల మీద పనలు, నూర్పిళ్ళ దుమ్ము, రోడ్డు మీద వడ్లబళ్ళు. ముందు బస్టాండు, తర్వాత సినిమా హాలు మార్నింగ్ షో, తర్వాత మిల్లు, సాయంత్రం సంత. గుండుసూదులు గుచ్చుకుని వేళ్ళు మండేవి. ఎవరిస్తారు ఎవరివ్వరు అన్నది ముందే చెప్పలేం. పెద్ద పెద్ద షావుకార్లు "రేపు రండమ్మా" అనేవాళ్ళు, రేపు జెండా దినం ఉండదని వాళ్ళకీ తెలుసు. బస్టాండు దగ్గర సోడా బండి ఆయన మాత్రం అడక్కుండానే డబ్బాలో అర్ధరూపాయి వేసి, జెండా చొక్కాకి కాదు, బండి మీద గోళీ సోడా సీసాల మధ్య గుచ్చుకునేవాడు. అది సంక్రాంతి దాకా అక్కడే ఉండి ఎండకి వెలిసిపోయేది. రిక్షా వాళ్ళిచ్చినంతమంది, స్కూటర్ల వాళ్ళు ఇవ్వలేదని నా లెక్క, లెక్కంటే పుస్తకంలో రాసింది కాదు, చిన్నప్పటి కచ్చ.

రాత్రి డబ్బాలన్నీ అరుగు మీద వరసగా పెట్టేవాళ్ళు. వాటిని మేం తెరవకూడదు, సీలుతోనే ఏలూరు వెళ్ళాలి. ఊపి చూసి మాది బరువు అంటే మాది బరువు అని పందాలు. నాయక్ బాబాయి కొడుకు తన డబ్బాలో గులకరాళ్ళు వేశాడని తర్వాత ఏలూరులో బయటపడింది, నాయక్ బాబాయి వాణ్ణి వీధి చివరిదాకా పరుగెత్తించాడు. వాడిప్పుడు సీఐఎస్ఎఫ్‌లో, అంటే కేంద్ర భద్రతా దళంలో ఉన్నాడు, ఇది చదువుతుంటే తిట్టుకోకురా.

మా పక్కనే మాధవరం. మిలిటరీ మాధవరం అంటేనే అందరికీ తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి తొంభై మంది, రెండో దానికి వెయ్యి మందికి పైగా వెళ్ళారని ఆ ఊరివాళ్ళు చెప్తారు, ఇప్పటికీ ఇంటికొకరు ఉంటారు. పిల్లల్ని మేజరు, కెప్టెన్, సుబేదారు అని పిలుచుకుంటారు. మా సంఘం వాళ్ళు ఏడాదికోసారి అక్కడికి వెళ్ళేవాళ్ళు, స్తూపం దగ్గర దండ వేసి అక్కడి వాళ్ళతో భోజనం. చిన్నప్పుడు నాకు ఆ ఊరు వింతగా ఉండేది. చెరువు గట్టు మీద ఒకావిడ "ఒరే కెప్టెనూ, గేదెని తోలుకు రారా" అని కేకేస్తే నిక్కరేసుకున్న కెప్టెన్ ఒకడు పరిగెత్తేవాడు. మన సంఘం కంటే వాళ్ళది పెద్దదని నాన్నకి కొంచెం అసూయ కూడా ఉండేది, పైకి చెప్పేవాడు కాదు, "వాళ్ళకేంటి, ఊరు ఊరంతా మనోళ్ళే, ఇక్కడ మనం అయిదారు ఊళ్ళు తిరగాలి" అనేవాడు.

అంతా మంచే చెప్తున్నానని అనుకోకండి. గొడవలు బోలెడు. ఆగస్టు పదిహేనుకి స్టేజీ మీద కుర్చీ ఎవరికి అన్న దాని మీద ఇద్దరు పెద్దమనుషులు చాలా కాలం మాట్లాడుకోలేదు. ఒకాయనకి ప్రభుత్వం ఇచ్చిన మాజీ సైనికుల భూమి ఎక్కడో కొండ పక్కన రాళ్ళలో, ఇంకొకాయనది కాలవ పక్కన, ఇంక ఆ మంట ఆరలేదు. మిలిటరీ క్యాంటీన్ రమ్ము సంగతి సరేసరి. నెల కోటా తెచ్చిన రోజు మా నాన్నకి ఊళ్ళో ఉన్నంతమంది చిన్ననాటి స్నేహితులు ఏ లీడరుకీ ఉండరు. అమ్మ ఆ సీసాలు బియ్యం డబ్బాలో దాచేది, ఎవరైనా నొప్పులకి రాసుకోవడానికండీ అంటూ వస్తే "మా ఇంట్లో జండూబామ్ ఉందండి, ఇవ్వమంటారా" అనేది.

96 తుపాను నాకు బాగా గుర్తు. నవంబరు ఆరు రాత్రి. మా వైపు గాలి వీచింది, కొన్ని రేకులు లేచాయి, అంతే. అసలు దెబ్బ గోదావరి అవతల కోనసీమకి తగిలింది, వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరితోటలు నేలకి పడుకున్నాయి. ఫోన్లు లేవు. రేడియోలో ముక్కలు ముక్కలుగా తెలిసింది. నాన్న వాళ్ళు మధ్యాహ్నానికల్లా అరుగు మీద చేరారు, చిత్రమేంటంటే అప్పటిదాకా కుర్చీ కోసం కొట్టుకున్న ఇద్దరూ పక్కపక్కనే నిలబడి తాళ్ళు చుడుతున్నారు. డ్రైవరు మావయ్య మిల్లాయన లారీ అడిగి తెచ్చాడు. రంపాలు, గొడ్డళ్ళు, తాళ్ళు, పెట్రోమాక్స్ లైట్లు, కిరసనాయిలు, తాగే నీళ్ళ డ్రమ్ములు. ఏం తీసుకెళ్ళాలో సుబేదారు తాతయ్య కాయితం చూడకుండా చెప్తుంటే నేను రాశాను. మనిషికి ఒక గుడ్డ, ఒక చెంబు, ఒక తాడు. దుప్పట్లు ఇప్పుడొద్దు, రెండో లారీలో. అలా.

మా ఇంటి వెనక దొడ్లో గాడిపొయ్యి తవ్వారు. వంట పెదనాన్న కమాండు. పులిహోర ఎందుకంటే అది రెండు రోజులైనా పాడవదు. ఆడవాళ్ళంతా రాత్రంతా పొట్లాలు కట్టారు, అరిటాకు, పైన పాత పేపరు, పురికొస ముడి. చింతపండు ఉడికిన వాసన, తడి నేల వాసన, పొగకి కళ్ళనీళ్ళు. పెదనాన్న అందరి మీదా అరుస్తున్నాడు, సుబేదారమ్మగారి మీద కూడా అరిచాడు, ఆవిడ "ఇదేమన్నా లంగరా, కొంచెం మెల్లగా అనండి" అని గరిటె ఆయన చేతిలోనే పెట్టి వెళ్ళి కూర్చుంది, తర్వాత ఆయనే వెళ్ళి బతిమాలుకున్నాడు.

లారీ సిద్ధాంతం బ్రిడ్జి దాటి రావులపాలెం మీదుగా అమలాపురం వైపు వెళ్ళింది. మమ్మల్ని తీసుకెళ్ళలేదు. వారం తర్వాత వచ్చారు, గడ్డాలు, కళ్ళు లోపలికి పోయి. ముమ్మిడివరం దాటాక రోడ్డంతా కొబ్బరిచెట్లు అడ్డం పడి ఉంటే కోసుకుంటూ వెళ్ళామని, కాట్రేనికోన వైపు చూసినవి ఇంట్లో చెప్పేవి కావని నాన్న అన్నాడు. రెండు యుద్ధాలు చూసినాయన, యుద్ధం కథలు అడిగితే గంటలు గంటలు చెప్పేవాడు. ఆ వారం గురించి మాత్రం చెప్పలేదు. చాలా రోజులు పులిహోర ముట్టలేదు.

పెద్దమ్మ గురించి చెప్పకపోతే ఇది రాసి లాభం లేదు. మాకు చుట్టం కాదు, అందరికీ పెద్దమ్మ. భర్త 71 డిసెంబరులో పశ్చిమ సరిహద్దులో పోయాడు. ఆవిడకప్పుడు ఇరవై లోపే. టెలిగ్రాం వచ్చింది. దాన్ని చదవడానికి స్కూలు మాస్టారిని పిలుచుకొచ్చారు, ఆయన చదివి చాలాసేపు చెప్పలేదట. తర్వాత కొన్నాళ్ళకి రైల్లో ఒక ట్రంకు పెట్టె వచ్చింది, మా నాన్నది లాంటిదే, నంబరు, పేరు. ఆ రోజుల్లో మనిషిని ఇంటికి పంపేవాళ్ళు కాదు, ఎక్కడ పోతే అక్కడే దహనం. పెట్టెలో రెండు జతల బట్టలు, షేవింగు సామాను, తను రాసిన ఉత్తరాలు తిరిగొచ్చాయి. ఆ ఉత్తరాలు కూడా తను రాసినవి కావు, చదువు రాదు కదా, మాస్టారి చేత రాయించినవి.

పెద్దమ్మ ప్రతి ఆదివారం అందరికంటే ముందు వచ్చి అరుగు ఊడ్చి చాప పరిచేది. ఎవరూ చెప్పలేదు, ఆవిడే పెట్టుకుంది ఆ పని. లైఫ్ సర్టిఫికెట్ నెలలో వేలిముద్ర వెయ్యడానికి భయపడే ముసలాళ్ళ బొటనవేలు తను పట్టుకుని, ప్యాడు మీద అటూ ఇటూ దొర్లించి, కాయితం మీద ఒత్తి, తడిగుడ్డతో తుడిచేది. చిన్నపిల్లలకి గోరుముద్ద పెట్టినట్టు చేసేది ఆ పని. అమ్మ ఆవిడకి సంతకం నేర్పింది. నేర్చుకుంది కూడా, మంచిగా పెట్టేది. కానీ సర్టిఫికెట్ మీద మాత్రం వేలిముద్రే వేసేది, మొదట్నించీ అదే ఉంది కదా, మారిస్తే మళ్ళీ వాళ్ళు నేను కాదంటారేమో అని.

99లో కార్గిల్ అప్పుడు మొదటిసారి శవపేటికలు ఊళ్ళకి రావడం చూశాం. టీవీలో, పేపర్లో రోజూ అవే. హైదరాబాదు నించి మేజర్ పద్మపాణి ఆచార్య, రాజ్‌పుతానా రైఫిల్స్, జూన్ 28న పోయారు, భార్య అప్పటికి కడుపుతో ఉన్నారు, తర్వాత మహావీర్ చక్ర ఇచ్చారు. ఆ వార్త వచ్చిన ఆదివారం అరుగు మీద ఎవరూ పెన్షన్ మాట ఎత్తలేదు. మా ఇంట్లో బ్లాక్ అండ్ వైట్ టీవీ వీధివైపు తిప్పిపెట్టాం. ఏదో ఊళ్ళో ఏదో ఇల్లు, జెండా కప్పిన పెట్టె, జనం. మగాళ్ళంతా లేచి నిలబడ్డారు. పెద్దమ్మ కూర్చునే ఉంది. చాలాసేపటి తర్వాత "పోన్లే, ఈ పిల్లలకి ఆఖరి చూపన్నా దక్కుతోంది" అంది. లేచి కొంగు బిగించి డబ్బా తీసుకుని "పదండే, ఎండెక్కకముందే తిరిగొద్దాం" అని ఆడవాళ్ళని బయల్దేరదీసింది. ఆ వేసవి కార్గిల్ ఫండుకి ఎండల్లో తిరిగిన తిరుగుడు జెండా దినాలన్నీ కలిపినా తిరగలేదు. సోడా బండి ఆయన ఆ రోజు గల్లాపెట్టె మొత్తం బోర్లించాడు.

పెద్దమ్మ పోయి చాలా కాలమైంది. సుబేదారు తాతయ్య, వంట పెదనాన్న, నాయక్ బాబాయి, ఒక్కొక్కరే. నాన్న పోయినప్పుడు మిగిలిన నలుగురు ముసలాళ్ళు బెరెట్లు పెట్టుకుని వచ్చారు. ఒకాయనకి చెయ్యి పైకి లేవదు, పక్కాయన మోచెయ్యి పట్టి లేపాడు, అలాగే సెల్యూట్ చేశారు. 2020లో కర్నల్ సంతోష్ బాబు చైనా సరిహద్దులో, గల్వాన్‌లో పోయి సూర్యాపేటకి వచ్చిన ఏడు ఇంట్లో టీవీ ముందు నేనూ అమ్మే కూర్చున్నాం. అమ్మ ఆయన భార్య గురించి, పిల్లల గురించి అడుగుతూనే ఉంది, చివరికి "కాయితాలన్నీ సరిగ్గా ఉన్నాయంటావా" అంది. ఈవిడకి అదే ధ్యాస.

ఈమధ్య జనవరి పధ్నాలుగు వెటరన్స్ డే చేస్తున్నారు, మన సైన్యానికి మొదటి భారతీయ అధిపతి జనరల్ కరియప్ప రిటైరైన రోజని. మంచిదే. కానీ మనకది భోగి మీదో సంక్రాంతి మీదో పడుతుంది. పొద్దున్నే భోగిమంట, తలంట్లు, పిల్లలకి భోగిపళ్ళు, ఆ మధ్యలో జిల్లా ఆఫీసు ఫంక్షనుకి రమ్మంటే మా గోదావరి జిల్లా వెటరన్లు ఎవరొస్తారండీ. కొత్తగా అగ్నివీరులొచ్చారు, 2022 నించి. సైన్యంలో నాలుగేళ్ళ ఉద్యోగం, తర్వాత నూటికి పాతికమందినే ఉంచుకుంటారు, మిగతావాళ్ళకి పెన్షనుండదు. మా వీధి కుర్రాడొకడు వెళ్ళాడు. అది మంచిదా చెడ్డదా అని వాదించే ఓపిక నాకు లేదు, కానీ వాళ్ళమ్మ రేపొద్దున ఏ అరుగు మీద చేరుతుందా అనిపిస్తుంది.

అరుగు కూడా లేదు, రోడ్డు వెడల్పులో పోయింది. సంఘం ఇప్పుడు వాట్సాప్ గ్రూపు. అందులో మగాళ్ళు గుడ్ మార్నింగ్ జెండాలు పెడుతుంటారు, జైహింద్ అంటుంటారు. అమ్మకి టైపింగ్ రాదు, వాయిస్ మెసేజీలు పెడుతుంది, ఒక్కోటి మూడు నిమిషాలు. మిలిటరీ పెన్షన్ల స్పర్శ్ పోర్టల్లో పేరు తప్పు పడిందని ఎవరో కోడలు పిల్ల అడిగితే ఏ కాయితం ముందు, ఏది వెనక, ఎవరి సంతకం అని విడమర్చి చెప్తుంది. మొన్న బ్యాంకులో మా నంబరు పిలిచేలోపు కూడా అదే పని, ఎవరికో గట్టిగా చెప్తోంది, "పెళ్ళి ఫొటో కాదమ్మా, ఇద్దరూ కలిసున్న ఫొటో, మెళ్ళో దండలుండకూడదు, చెవులు కనపడాలి" అని. క్లర్కమ్మాయి నవ్వుతోంది, సెక్యూరిటీ ఆయన మెల్లగా మాట్లాడమని సైగ చేస్తున్నాడు, ఆయనా మాజీ సైనికుడే అని అమ్మ వెంటనే కనిపెట్టేసింది, ఏ రెజిమెంటు నాయనా అని అడిగింది, పెళ్ళాం పేరు అడిగింది, ఇంక ఆ రోజు మేం ఇంటికి చేరేసరికి మూడైంది.